ఎండీఎస్‌లో స్ట్రెస్ ఎంత ఉంటే పటాన్ని నమ్మొచ్చు?

బిందుమాల:
నమస్కారం. 16 వస్తువుల మధ్య భేదాల మ్యాట్రిక్స్ ఉంది, అంటే 120 జతలు. ప్రతి జత విలువ చాలామంది ఇచ్చిన రేటింగుల సగటు, 0 నుంచి 9 దాకా. భేదాలను పటం మీద దూరాలుగా చూపించే ఎండీఎస్ (మల్టీడైమెన్షనల్ స్కేలింగ్) పద్ధతిలో దీన్ని రెండు డైమెన్షన్లలో మూడు చోట్ల రన్ చేశాను. గణాంకాల భాష ఆర్‌లోని ఐసోఎండీఎస్ స్ట్రెస్ (పటం డేటాకు ఎంత సరిపోలేదో చెప్పే అంకె) 14.2 అంటోంది, వేగన్ ప్యాకేజీలోని మెటాఎండీఎస్ 0.142 అంటోంది, పైతాన్‌లోని సైకిట్‌లెర్న్ 118 అంటోంది. ఏది నమ్మాలి? పైగా ఒక పటంలో పైన ఉన్నవి ఇంకో పటంలో కింద ఉన్నాయి. ఇందులో దేన్నైనా రిపోర్టులో పెట్టొచ్చా?

మాత్రిక:
మొదటి రెండూ ఒకటే. ఐసోఎండీఎస్ స్ట్రెస్‌ని శాతంలో చెబుతుంది, మెటాఎండీఎస్ 0 నుంచి 1 మధ్య చెబుతుంది. రెండూ క్రుస్కల్ 1964లో ఇచ్చిన స్ట్రెస్-1 సూత్రమే: పటంలోని దూరానికీ, మోనోటోన్ రిగ్రెషన్ (భేదాల ర్యాంకుల క్రమం చెడకుండా దూరాలకు సరిపెట్టే గీత) ఇచ్చే విలువకీ మధ్య తేడాల వర్గాల మొత్తాన్ని, పటంలోని దూరాల వర్గాల మొత్తంతో భాగించి వర్గమూలం తీయడం.

మూడోది వేరే కొలత. సైకిట్‌లెర్న్‌లో మీరేమీ మార్చకపోతే మెట్రిక్ ఎండీఎస్ (భేదాల విలువలనే దూరాలుగా సరిపెట్టేది) నడుస్తుంది. అది చూపించేది ముడి స్ట్రెస్, అంటే తేడాల వర్గాల మొత్తం మాత్రమే, దేంతోనూ భాగించనిది. మీ రేటింగులన్నిటినీ 10తో గుణించి మళ్లీ రన్ చేయండి, పటం ఆకారం మారదు కానీ ఈ సంఖ్య 100 రెట్లవుతుంది. అందుకే 118ని దేనితోనూ పోల్చలేం. పటంలోని నిరూపకాల నుంచి దూరాలు లెక్కగట్టి స్ట్రెస్-1ని మీరే వేసుకోవడం మేలు, నాలుగు లైన్ల పని. ఇంకొక జాగ్రత్త: అందులో నాన్‌మెట్రిక్ (భేదాల ర్యాంకులనే చూసేది) పెడితే మ్యాట్రిక్స్‌లోని 0 విలువలను లేని డేటాగా తీసుకుంటుంది. "ఈ రెండూ అచ్చం ఒకటే" అని జనం చెప్పిన జతలు మీ దగ్గర ఉంటే అవి చడీచప్పుడు లేకుండా లెక్కలోంచి జారిపోతాయి.

పటాలు తలకిందులవడం తప్పు కాదు. పటాన్ని తిప్పినా, అద్దంలో చూసినట్టు మార్చినా, పక్కకి జరిపినా బిందువుల మధ్య దూరాలు మారవు. ఆర్‌తో పాటే వచ్చే యూరోడిస్ట్ డేటాలో 21 ఐరోపా నగరాల మధ్య రోడ్డు దూరాలుంటాయి. దాన్ని క్లాసికల్ ఎండీఎస్ చేసే ఆర్ ఫంక్షన్ సీఎండీస్కేల్‌కిస్తే ఏథెన్స్ పైకి పోతుంది. అందుకే సీఎండీస్కేల్ సహాయ పేజీలోని ఉదాహరణే రెండో అక్షాన్ని మైనస్‌తో గుణించి ఉత్తరాన్ని పైకి తెస్తుంది. రెండు పటాలను పోల్చాలంటే ముందు ప్రొక్రస్టీస్ పద్ధతిలో ఒకదాన్ని రెండోదాని మీదికి సరిపెట్టి, ఆ తర్వాత మిగిలిన తేడా చూడండి.

తులాదండం:
ఇక "0.142 చాలా?" అన్న ప్రశ్న. క్రుస్కల్ ఇచ్చిన గుర్తులు అందరికీ కంఠతా వచ్చు: 0.20 పేలవం, 0.10 ఓ మాదిరి, 0.05 బాగుంది, 0.025 చాలా బాగుంది. వీటిని పాస్ మార్కుల్లా వాడటం మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. బిందువులు ఎన్ని, డైమెన్షన్లు ఎన్ని, కొలతలో అలజడి ఎంత అన్నదాన్ని బట్టి స్ట్రెస్ మారుతుంది.

లెక్క చూడండి. 5 వస్తువులకు 10 జతలు. రెండు డైమెన్షన్ల పటంలో 10 నిరూపకాలుంటాయి, పటాన్ని జరపడానికి 2, తిప్పడానికి 1 తీసేస్తే స్వేచ్ఛగా మార్చుకోగలిగేవి 7. అంటే 10 ర్యాంకులకు 7 మీటలు. ఏ అడ్డదిడ్డం డేటా ఇచ్చినా స్ట్రెస్ దాదాపు సున్నాకి దిగుతుంది, దానికి అర్థం లేదు. అదే 100 వస్తువులైతే 4,950 జతలకు 197 మీటలే. అక్కడ 0.18 వచ్చినా పటంలో బోలెడంత విషయం ఉండొచ్చు. మీకు 120 జతలకు 29. ఫర్వాలేదు, మరీ బొటాబొటి కాదు. రెండు డైమెన్షన్లకు కనీసం 9, మూడింటికి 13 వస్తువులు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క.

మీరు చేయాల్సింది: ఆర్‌లోని స్మాకాఫ్ ప్యాకేజీలో (స్ట్రెస్‌ని మెట్టుమెట్టుగా తగ్గించే ఎండీఎస్ పద్ధతి పేరూ ఇదే) ర్యాండమ్‌స్ట్రెస్ అనే ఫంక్షన్ ఉంది. 16 బిందువులు, 2 డైమెన్షన్లు, 500 సార్లు అని ఇవ్వండి, రకం మాత్రం మీరు వాడినదే ఉండాలి. యాదృచ్ఛిక మ్యాట్రిక్సులకు వచ్చే స్ట్రెస్‌లు చేతికొస్తాయి. మీ 0.142 వాటికి బాగా దిగువన ఉండాలి. అయితే ఇది చాలా తక్కువ ఎత్తు గోడ, ఏ కాస్త నిర్మాణమున్న డేటా అయినా దాటేస్తుంది. కాబట్టి దాటిందని సంబరపడకుండా షెపర్డ్ ప్లాట్‌కి వెళ్లండి.

గ్రాఫుకాగితం:
తులాదండం గారి మాటకు కొనసాగింపు. షెపర్డ్ ప్లాట్‌లో అడ్డంగా మీరిచ్చిన భేదం, నిలువుగా పటంలో వచ్చిన దూరం, జతకో చుక్క. మీకు 120 చుక్కలు. మధ్యలో మెట్లుమెట్లుగా ఎక్కే గీత మోనోటోన్ రిగ్రెషన్. చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది అందరూ చూస్తారు. మెట్లు ఎలా ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం.

నాన్‌మెట్రిక్‌లో మోసపోయే చోటు ఇదే. వస్తువులు రెండు మూడు గుంపులుగా ఉండి, గుంపుల మధ్య భేదాలన్నీ గుంపు లోపలి భేదాలన్నిటికంటే పెద్దవైతే, ప్రోగ్రాం ఒక్కో గుంపును ఒకే బిందువుగా కుదించేస్తుంది. లోపలి దూరాలన్నీ 0, బయటివన్నీ సమానం. ర్యాంకుల క్రమం ఎక్కడా చెడలేదు కాబట్టి స్ట్రెస్ 0.0001 లాంటిది వస్తుంది. చూసేవాళ్లు "అద్భుతం" అంటారు, నిజానికి డేటాలోని సూక్ష్మమైన తేడాలన్నీ ఆవిరైపోయాయి. షెపర్డ్ ప్లాట్ చూస్తే దొరికిపోతుంది: గీత ఎక్కదు, రెండే పెద్ద మెట్లు, ఒకటి నేల మీద, ఒకటి పైన. స్ట్రెస్ దాదాపు సున్నా అయితే డేటా చాలకపోవచ్చని మెటాఎండీఎస్ హెచ్చరించేది కూడా ఇందుకే.

అలా జరిగితే ఆర్డినల్ (అంటే నాన్‌మెట్రిక్) వదిలేసి, భేదాల మధ్య అంతరాలనూ లెక్కలోకి తీసుకునే ఇంటర్వెల్ రకానికో, నున్నటి వంపు గీతను సరిపెట్టే స్ప్లైన్ రకానికో మారండి. లేదా ఒక్కో గుంపుకు విడిగా పటం వేయండి.

కొత్తపేజీ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర జతల రేటింగులు లేవు, మామూలు పట్టిక ఉంది. 40 కాలమ్‌లు, కొన్ని అంకెలు, కొన్ని అవును/కాదు. యూక్లిడ్ దూరం తీసి ఎండీఎస్‌కి ఇచ్చేస్తే సరిపోతుందా?

దూరమితి:
సరిపోదండీ. ఎండీఎస్‌లో అసలు నిర్ణయమంతా దూరం ఎంపికలోనే ఉంటుంది, తర్వాతిదంతా ఆ నిర్ణయాన్ని గీసి చూపించడమే.

అన్నీ అంకెల కాలమ్‌లే అనుకుందాం. ప్రమాణీకరించకపోతే పెద్ద యూనిట్లున్న కాలమ్ ఒక్కటే పటాన్ని శాసిస్తుంది. ప్రమాణీకరించి యూక్లిడ్ దూరం తీసి క్లాసికల్ ఎండీఎస్‌కి ఇస్తే, వచ్చేది పీసీఏ (ప్రధాన అంశాల విశ్లేషణ) స్కోర్లే, అక్షరాలా అవే, గుర్తులు మాత్రం తారుమారు కావొచ్చు. ఆ పని కోసం ఎండీఎస్ దాకా రానక్కర్లేదు. వేరే దూరం కావాల్సినప్పుడే దీని అవసరం.

మీలాంటి కలగలుపు పట్టికకు, అంకెలనూ అవును/కాదులనూ కలిపి కొలిచే గోవర్ దూరం. ఆర్‌లోని క్లస్టర్ ప్యాకేజీలో డైసీ ఫంక్షన్ చేసిపెడుతుంది. అవును/కాదు కాలమ్‌లలో ఒక్కటి ఆలోచించండి: ఇద్దరికీ "కాదు" ఉంటే అది పోలికేనా? అరుదైన లక్షణం ఇద్దరికీ లేకపోవడం పోలిక కాదనుకుంటే ఆ కాలమ్‌లను అసిమెట్రిక్ అని చెప్పాలి. చెప్పకపోతే లేనివాటి వల్లే అందరూ దగ్గరివాళ్లుగా కనిపిస్తారు.

సహసంబంధం నుంచి దూరం తీసేవాళ్లు 1 నుంచి గుణకాన్ని తీసేసి ఊరుకుంటారు. దాన్ని 2తో గుణించి వర్గమూలం తీస్తే అది నిజమైన యూక్లిడ్ దూరం అవుతుంది, క్లాసికల్‌కి అదే ఇవ్వాలి. నాన్‌మెట్రిక్‌కి ఏది ఇచ్చినా ర్యాంకులు అవే కాబట్టి తేడా లేదు. గుణకం −0.9 ఉన్న జతను దూరంగా పెట్టాలా, దగ్గరగా పెట్టాలా అన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. దగ్గరగా అయితే ముందు గుణకం పరమ మూల్యం తీసుకోండి.

బిందుమాల గారి డేటాకొస్తే నా అనుమానం వేరు. రేటింగుల సగటు అన్నారు. రేట్ చేసినవాళ్లలో సగం మంది రంగును చూసి, సగం మంది ఆకారాన్ని చూసి మార్కులేసి ఉంటే, సగటు పటం ఎవరి పటమూ కాదు. స్ట్రెస్ ఆ సంగతి చెప్పదు. ఒక్కొక్కరి మ్యాట్రిక్స్ ఉంటే కరోల్, చాంగ్ 1970లో ఇచ్చిన ఇండ్‌స్కాల్ నమూనా వాడండి, స్మాకాఫ్‌లో ఉంది. అందరికీ ఒకే పటం, కానీ ఏ అక్షాన్ని ఎంత పట్టించుకున్నారో మనిషి మనిషికీ వేర్వేరు బరువులు. ఇందులో అక్షాలను ఇష్టమొచ్చినట్టు తిప్పడానికి వీల్లేదు, తిప్పితే సరిపోలిక చెడుతుంది. అంటే అక్షాలకు నేరుగా అర్థం చెప్పుకోవచ్చు.

బిందుమాల:
ఒక్కొక్కరి రేటింగులూ ఉన్నాయి, విడదీసి చూస్తాను. ఇంకో సందేహం. సీఎండీస్కేల్‌తో కూడా చేస్తే ఐగెన్ విలువల్లో (ఒక్కో డైమెన్షన్ ఎంత మోస్తుందో చెప్పే అంకెల్లో) చివరివి మైనస్‌లో వచ్చాయి. డేటా పాడైనట్టా?

మాత్రిక:
పాడవలేదు. ఆ దూరాలను మామూలు జ్యామితిలో ఎన్ని డైమెన్షన్లలోనూ అచ్చంగా పట్టించలేమని దాని అర్థం. చేత్తో చేసి చూస్తే తెలిసిపోతుంది.

క్లాసికల్ ఎండీఎస్‌లో, టోర్గర్సన్ 1952 పద్ధతిలో, మొదట దూరాలను వర్గం చేస్తాం. ప్రతి గడి నుంచి దాని అడ్డువరస సగటు, నిలువువరస సగటు తీసేసి, మొత్తం సగటు కలిపి, −½తో గుణిస్తాం. 3, 4, 5 భుజాల త్రిభుజం తీసుకోండి. లంబకోణం ఉన్న మూల వరసలో వర్గాలు 0, 9, 16, సగటు 8.333. మొత్తం సగటు 11.111. మ్యాట్రిక్స్‌లో ఆ మూల అడ్డువరస, దాని నిలువువరస కలిసే గడి: −½ × (0 − 8.333 − 8.333 + 11.111) = 2.778. కేంద్రం నుంచి ఆ మూలకున్న దూరం వర్గం ఇదే. కాగితం మీద గీసి కొలిచినా అంతే వస్తుంది.

ఇప్పుడు మూడు వస్తువులు క, గ, చ అనుకోండి. క–గ 1, క–చ 1, గ–చ 3. రేటింగుల్లో ఇది మామూలే, కానీ త్రిభుజం గీయలేం, 1 + 1 కంటే 3 పెద్దది. అదే లెక్క చేస్తే క గడిలో −0.556 వస్తుంది. కేంద్రం నుంచి దూరం వర్గం మైనస్! ఐగెన్ విలువలు 4.5, 0, −0.833. మైనస్ అక్కడి నుంచే వచ్చింది.

సీఎండీస్కేల్ ఇచ్చే జీఓఎఫ్‌లో (సరిపోలిక కొలతలో) రెండు అంకెలు ఎందుకుంటాయో కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఒక డైమెన్షన్‌కు మొదటిది 4.5 ÷ 5.333, అంటే 0.844. మైనస్ గుర్తు వదిలేసి పరిమాణాలన్నీ కలిపి భాగించారు. రెండోది 4.5 ÷ 4.5, అంటే 1. మైనస్‌లను లెక్కలోకే తీసుకోలేదు. రెండోది ఒక్కటే రిపోర్టులో రాస్తే చదివేవాళ్లకు అన్యాయం చేసినట్టే.

మైనస్‌లు మొదటి ఐగెన్ విలువతో పోలిస్తే చిన్నవైతే వదిలేయండి. పెద్దవైతే దారులు మూడు. సీఎండీస్కేల్‌లో యాడ్ అన్న ఆప్షన్ పెడితే కైయే దిద్దుబాటు జరుగుతుంది, అంటే మ్యాట్రిక్స్ వికర్ణం మీది సున్నాలు తప్ప దూరాలన్నిటికీ ఒకే సంఖ్య కలుపుతుంది. పై ఉదాహరణలో 1 కలిపితే 2, 2, 4 అవుతాయి, సరిగ్గా ఒక గీత మీద కూర్చుంటాయి. రెండోది, దూరాలకు వర్గమూలం తీయడం. బ్రే–కర్టిస్ దూరాలకు (రెండు స్థలాల్లో లెక్కపెట్టిన సంఖ్యల తేడాను 0 నుంచి 1 మధ్య కొలిచేవి) ఇది చక్కగా పనిచేస్తుంది, వర్గమూలం తీశాక అవి యూక్లిడ్ దూరాలే. మూడోది, క్లాసికల్‌ని వదిలి స్మాకాఫ్ పద్ధతికి వెళ్లడం. దానికి త్రిభుజ నియమంతో పనిలేదు.

గ్రాఫుకాగితం:
కైయే దిద్దుబాటు గురించి కాస్త భిన్నాభిప్రాయం. కలిపే సంఖ్య పెద్దదైతే దూరాలన్నీ ఒకదానికొకటి దగ్గరైపోతాయి, 1కీ 3కీ ఉన్న నిష్పత్తి 11కీ 13కీ ఉండదు కదా. పటం గుండ్రని ముద్దలా తయారవుతుంది. రేటింగు డేటాకు నేనైతే నేరుగా స్మాకాఫ్‌లో ఇంటర్వెల్ రకమే వాడమంటాను.

మాత్రిక:
రేటింగులకు ఒప్పుకుంటాను. పెర్మనోవా (గుంపుల మధ్య తేడాను దూరాల మీదే పరీక్షించేది) లాంటి పరీక్షల కోసం దిద్దాల్సి వస్తే మాత్రం వర్గమూలం ముందు ప్రయత్నించండి, కైయే తర్వాత.

తులాదండం:
ఎన్ని సార్లు మొదలుపెట్టి రన్ చేశారన్నది ఎవరూ అడగలేదు. క్లాసికల్‌కి ఒకే జవాబు ఉంటుంది. స్మాకాఫ్, ఐసోఎండీఎస్ మెట్టుమెట్టుగా దిగుతాయి, లోతైన గుంట కాకుండా పక్క గుంటలో ఆగిపోవచ్చు. ఐసోఎండీఎస్ మీరేమీ చెప్పకపోతే క్లాసికల్ పటం నుంచి ఒక్కసారే మొదలుపెడుతుంది, 50 ఇటరేషన్లకు ఆగుతుంది. మెటాఎండీఎస్ యాదృచ్ఛిక ఆరంభాలతో చాలాసార్లు నడిపి, ఉత్తమ పటం మళ్లీ వచ్చిందా అని చూస్తుంది. 16 బిందువులకు 100 ఆరంభాలు క్షణాల పని. ఒకటి క్లాసికల్ నుంచి, మిగతావి యాదృచ్ఛికంగా మొదలెట్టి, అతి తక్కువ స్ట్రెస్ పటం కనీసం కొన్నిసార్లైనా మళ్లీ వచ్చిందో లేదో చూడండి. ఒక్కసారే వస్తే ఇంకా వెతకాలి.

ఒకే డైమెన్షన్ అయితే ఈ పద్ధతిని అసలు నమ్మొద్దు. గీత మీద బిందువులు ఒకదాన్నొకటి దాటి వెళ్లలేవు, మొదట్లో ఉన్న వరసే దాదాపు చివరిదాకా ఉంటుంది. 16 వస్తువులకు వరసలు సుమారు 20.9 లక్షల కోట్లు, అన్నీ చూడటం కుదరదు. రెండు డైమెన్షన్లలో వేసి, అది గీతలా వచ్చిందా అని చూడటమే సురక్షితం.

కొత్తపేజీ:
నా పటం గుర్రపు నాడాలా వంగి వచ్చింది. రెండు అక్షాలకూ పేర్లు పెట్టేయొచ్చా?

దూరమితి:
ఆగండి. వంపు రెండు రకాలుగా వస్తుంది, ఒకటి నిజం, ఒకటి దూరం కొలత తెచ్చిపెట్టింది.

నిజమైనదానికి ఎక్‌మన్ 1954 రంగుల డేటా. 434 నుంచి 674 నానోమీటర్ల దాకా 14 రంగులు, 91 జతలు, పోలిక 0 నుంచి 1. స్మాకాఫ్‌తో పాటే వస్తుంది. 434 వరస చదవండి: 445తో పోలిక 0.86, తగ్గుతూ తగ్గుతూ 584తో 0.02కి పడిపోతుంది, ఆ తర్వాత మళ్లీ పెరిగి 674తో 0.16. ఊదాకీ ఎరుపుకీ పోలిక ఉందని కన్ను చెబుతోంది. తరంగదైర్ఘ్యం ఒక గీత అయినా పటం వలయంగా రావడానికి కారణం మ్యాట్రిక్స్‌లోనే ఉంది.

రెండోదానికి కారణం దూరం పైకప్పుకు తగలడం. బ్రే–కర్టిస్‌లో ఉమ్మడిగా ఏదీ లేని జతలన్నిటికీ 1 పడుతుంది. ఒక క్రమంలో ఉన్న 30 స్థలాల్లో 1వదానికీ 15వదానికీ దూరం 1, 1వదానికీ 30వదానికీ 1. ఎంత దూరమైనా ఇక పెరగదు కాబట్టి గీత సాగలేక వంగుతుంది. అప్పుడు రెండో అక్షానికి సొంత అర్థమేమీ ఉండదు, అది మొదటిదాని నీడ. మీ మ్యాట్రిక్స్‌లో గరిష్ఠ విలువ ఎన్ని జతలకు ఉందో లెక్కపెట్టండి. మూడో వంతు దాటితే ముందు అనుమానించాల్సింది దాన్నే. వేగన్‌లో స్టెప్‌ఎక్రాస్ అనే ఫంక్షన్ మధ్యలోని స్థలాల మీదుగా దూరాలు మళ్లీ లెక్కగడుతుంది.

అక్షాలకు పేరు పెట్టడం గురించి: ఇండ్‌స్కాల్ తప్పిస్తే అక్షాల దిశ ఊరికే వచ్చింది. బయటి కొలతలుంటే, ధర, బరువు, పొడవు ఏదైనా, వాటిని పటం నిరూపకాల మీద రిగ్రెస్ చేసి బాణంగా గీయండి. వేగన్‌లో ఎన్వ్‌ఫిట్ అదే చేస్తుంది. బాణం అక్షంతో 40 డిగ్రీల కోణంలో ఉంటే ఉండనివ్వండి. ఇంకొకటి, గ్రాఫులో రెండు అక్షాలకూ ఒకే స్కేలు ఉండాలి. ఆర్‌లో ఆస్ప్ విలువ 1, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఆస్పెక్ట్ ఈక్వల్. బొమ్మను పేజీకి సరిపోయేలా సాగదీస్తే కంటికి కనిపించే దూరాలన్నీ అబద్ధాలే.

బిందుమాల:
వస్తువుల్లో రెండు రకాలున్నాయి. పటంలో విడివిడిగానే కనిపిస్తున్నాయి. నిరూపకాల మీద టీ-పరీక్ష చేస్తే సరిపోతుందా?

మాత్రిక:
వద్దు. పటం కుదింపు, అందులో కొంత సమాచారం పోయింది. బిందువులు ఒకదాని స్థానం మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి కూడా. పరీక్ష అసలు భేదాల మ్యాట్రిక్స్ మీదే జరగాలి: వేగన్‌లో పెర్మనోవా చేసే అడోనిస్2, 999 పర్మ్యుటేషన్లు (గుంపు పేర్లను కలగలిపి మళ్లీ లెక్కగట్టడాలు). అప్పుడు రాగల అతి చిన్న పీ-విలువ 0.001, అంతకంటే చిన్నది కావాలంటే పర్మ్యుటేషన్లు పెంచాలి. ఒక గుంపు చెల్లాచెదురుగా, ఇంకోటి ముద్దగా ఉన్నా పెర్మనోవా తేడా ఉందనొచ్చు, ముఖ్యంగా గుంపుల సైజులు వేరైతే. అందుకే పక్కనే గుంపుల చెదురుదనాన్ని పోల్చే బీటాడిస్పర్ కూడా నడపండి.

కొత్తపేజీ:
నా పట్టికలో 10,000 వరసలున్నాయి. చాలా నెమ్మదిగా నడుస్తోంది.

గ్రాఫుకాగితం:
4,99,95,000 జతలు. పూర్తి మ్యాట్రిక్స్ గడికి 8 బైట్ల చొప్పున 80 కోట్ల బైట్లు, స్మాకాఫ్ ప్రతి ఇటరేషన్‌లో ఇదంతా తిరగాలి. కొన్ని వందల వరసలను గుర్తురాళ్లుగా ఎంచుకుని వాటికి క్లాసికల్ ఎండీఎస్ చేసి, మిగతావాటిని గుర్తురాళ్ల నుంచి దూరాలను బట్టి కూర్చోబెట్టే ల్యాండ్‌మార్క్ ఎండీఎస్ వాడండి. గుర్తురాళ్లు ఒకే మూల నుంచి రాకూడదు. ఒకదాని తర్వాత ఒకటి, ఇప్పటికే ఎంచుకున్నవాటికి అన్నిటికంటే దూరంగా ఉన్నదాన్ని ఎంచుకుంటూ పోతే మూలలన్నీ వస్తాయి. కాకపోతే ఆ పద్ధతి వేరుపడిన వింత వరసలనే ముందు పట్టుకుంటుంది, వాటిని ముందే ఓసారి చూసుకోండి.

బిందుమాల:
స్మాకాఫ్‌లో ఇంటర్వెల్ రకంతో వేశాను. బిందువు వారీ స్ట్రెస్ చూస్తే 16లో రెండు వస్తువులే మొత్తంలో మూడో వంతు మోస్తున్నాయి. వాటిని తీసేయాలా?

తులాదండం:
తీసేయొద్దు, ముందు ఆ రెండు వరసలు చదవండి. అన్నిటితోనూ మధ్యస్థంగా 5, 6 ఉంటే జనానికి ఆ వస్తువు తెలియక మధ్య మార్కు వేశారని. అలాంటిది పటంలో నడిమధ్యకో, అంచుకో పోతుంది, ఎక్కడున్నా అర్థం లేదు. అలా కాక, కొన్నిటితో 1, కొన్నిటితో 9 అని స్పష్టంగా ఉంటే దానికి మూడో డైమెన్షన్ కావాలి. మూడింటిలో వేసి, ఆ రెండూ మూడో అక్షం మీద చెరో కొసకు పోయాయా చూడండి. పోతే పటం రెండు డైమెన్షన్లలోనే ప్రచురించినా ఆ రెండు బిందువులకు వేరే గుర్తు పెట్టి, వాటి దూరాలను నమ్మొద్దని బొమ్మ కిందే రాయండి. తీసేయాల్సి వస్తే, తీసి మళ్లీ రన్ చేసి, మిగతా 14 బిందువుల పాత, కొత్త స్థానాలను ప్రొక్రస్టీస్‌తో పోల్చండి. అవి కదలకపోతే మీ పటం ఆ రెండింటి మీద ఆధారపడి లేదు.

బిందుమాల:
తర్వాత 17వ వస్తువు వస్తే?

మాత్రిక:
క్లాసికల్ అయితే గోవర్ 1968లో ఇచ్చిన సూత్రంతో, పాత బిందువులను కదపకుండా, కొత్తదాని నుంచి వాటికున్న 16 దూరాలతోనే స్థానం లెక్కగట్టొచ్చు. స్మాకాఫ్ అయితే 17తో మళ్లీ రన్ చేయండి, కానీ ఆరంభంగా పాత పటాన్నే ఇచ్చి, కొత్తదాన్ని దానికి అతి దగ్గరైన వస్తువు పక్కన పెట్టండి. అచ్చంగా దాని మీదే పెట్టొద్దు.